రిచర్డ్ ట్రెవిథిక్

రిచర్డ్ ట్రెవిథిక్ (ఏప్రిల్ 13, 1771 - ఏప్రిల్ 22, 1833) ఇంగ్లాండుకు చెందిన గనుల ఇంజనీరు, ఆవిష్కర్త. అధిక పీడనపు ఆవిరియంత్రాన్ని వాడుకలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. పట్టాలపై బరువు లాగిన మొట్టమొదటి ఆవిరి రైలింజనును నిర్మించినవాడు ఇతడే. రైలింజను అనగానే చాలామందికి జార్జ్ స్టీఫెన్‌సన్ పేరు గుర్తుకు వస్తుంది. కాని స్టీఫెన్‌సన్ తన మొదటి ఇంజనును 1814లో నడిపాడు. అప్పటికి ట్రెవిథిక్ ఇంజను పట్టాలెక్కి పదేళ్ళు దాటింది.

యంత్రానికి సామర్థ్యం పెంచితే బండి వేగంగా కదులుతుందా, లేక చక్రం ఉన్నచోటనే గిరగిర తిరుగుతుందా అన్న ప్రశ్నను ప్రయోగపూర్వకంగా తేల్చిన తొలి వ్యక్తులలో ఇతడు ఒకడు. మోటారు వాహనాల త్వరణాన్ని గురించి విద్యార్థులు చదువుకొనే పాఠానికి మూలాలు ఇతని జీవితంలోనే కనిపిస్తాయి.

బాల్యం

ట్రెవిథిక్ ఇంగ్లాండు నైరుతి కొనన ఉన్న కార్న్‌వాల్ ప్రాంతంలో, ఇల్లోగన్ పారిష్‌లోని ట్రెగాజోరన్ అనే పల్లెలో జన్మించాడు. ఆ ప్రాంతం రాగి, తగరం గనులకు ప్రసిద్ధి. తండ్రి పేరు కూడా రిచర్డ్ ట్రెవిథిక్. అతడు గనిలో పర్యవేక్షణాధికారి. తల్లి ఆన్ టీగ్. కుటుంబంలో ఇతడొక్కడే మగసంతానం.

కేంబోర్న్ ఊరిలోని బడిలో చదివాడు. చెప్పిన మాట వినడనీ, తరచు బడికి రాడనీ ఉపాధ్యాయుడు ఇతనిని మందమతుల జాబితాలో చేర్చాడు. అయితే లెక్కలలో మాత్రం దిట్ట. ఉపాధ్యాయుడు చెప్పిన పద్ధతిలో కాక తనకు తోచిన దారిలో పోయి సరైన సమాధానం రాబట్టేవాడు. ఇటువంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వారిని గుర్తుపట్టడం మాత్రం అంత తేలిక కాదు.

ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, అందుకు తగిన దేహబలం ఉండటం వలన ఇతనికి కార్నిష్ మహాకాయుడు అనే పేరు వచ్చింది. మల్లయుద్ధంలోనూ బరువులు విసరడంలోనూ ఆ ప్రాంతంలో ఇతనికి సాటి లేదని చెప్పుకొనేవారు. పంతొమ్మిదో ఏట గనిలో పనికి చేరి, స్వల్పకాలంలోనే యంత్రాల విషయంలో సలహా అడగదగినవాడని పేరు తెచ్చుకున్నాడు. 1797లో జేన్ హార్వేను వివాహమాడాడు. ఆమె తండ్రి జాన్ హార్వే హేల్ పట్టణంలో పోతపని కర్మాగారం స్థాపించినవాడు. అదే ఏడాది ట్రెవిథిక్ తండ్రి మరణించాడు.

వాట్ యంత్రం, దాని పరిమితి

గనులు లోతుకు పోయే కొద్దీ నీరు ఊరుతుంది. ఆ నీటిని ఆవిరియంత్రాలతో తోడేవారు. అప్పట్లో శ్రేష్ఠమైన యంత్రం జేమ్స్ వాట్ రూపొందించినది. వాట్ 1769లో పేటెంటు పొందగా, 1775లో బ్రిటిష్ పార్లమెంటు ప్రత్యేక చట్టంతో దాని గడువును 1800 వరకు పొడిగించింది. యంత్రం వలన ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడవ వంతును గని యజమానులు వాట్, అతని భాగస్వామి బౌల్టన్ ల సంస్థకు చెల్లించాలి. కార్న్‌వాల్‌లో బొగ్గు దొరకదు, ఓడలమీద తెప్పించుకోవాలి. కనుక అక్కడి గనులవారికి ఈ రుసుము కంటకంగా ఉండేది. ట్రెవిథిక్ వయసులో చిన్నవాడైనా, రుసుము తప్పించుకొనే యంత్రాలు కట్టిన ఎడ్వర్డ్ బుల్‌తో చేరి కోర్టు నిషేధాజ్ఞలను ఎదుర్కొన్నాడు.

యంత్రాల బలాన్ని గుర్రాలతో పోల్చి అశ్వసామర్థ్యం అనే కొలతను వ్యాప్తి చేసినవాడు కూడా వాటే. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపగలిగితే అది ఒక అశ్వసామర్థ్యం. ఇప్పటి లెక్కలో సుమారు 76 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున లేపడం, అంటే 746 వాట్లు. వాట్ పేరు మీదనే వాట్లు, వాట్ గీసిన గుర్రం కొలతతోనే అశ్వసామర్థ్యం: నేటికీ మోటారు పంపు కొనే రైతు అడిగేది ఎన్ని హెచ్.పి. అనే కదా.

వాట్ యంత్రంలో ఆవిరి పీడనం వాతావరణ పీడనం కంటే ఏ కొంచెమో ఎక్కువ. పని చేసేది ప్రధానంగా శూన్యం. సిలిండరులోని ఆవిరిని వేరే గదిలోకి, అంటే కండెన్సరులోకి తీసుకుని చల్లబరిస్తే అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఆ పీడన భేదమే పిస్టనును కదుపుతుంది. భేదం ఎంత పెంచినా ఒక వాతావరణ పీడనానికి మించి పెద్దగా పోదు. కనుక బలం పెంచాలంటే సిలిండరు వ్యాసం పెంచడమే దారి. చల్లబరిచే నీరు, తొట్టి, పంపు, భారీ దూలం అన్నీ కలిసి యంత్రం ఒక భవనమంత అయ్యేది. భవనాన్ని బండిమీద పెట్టలేము.

అధిక పీడనం

కండెన్సరును పూర్తిగా తీసివేసి, బలిష్ఠమైన బాయిలరులో ఆవిరిని అధిక పీడనానికి తెచ్చి, పని చేసిన ఆవిరిని బయటి గాలిలోకి వదిలివేస్తే ఎలా ఉంటుందని ట్రెవిథిక్ ఆలోచించాడు. దాని వలన ఎంత బలం నష్టమవుతుందని తన మిత్రుడు, గణితంలో పండితుడు అయిన డేవిస్ గిడ్డీని అడిగాడు. ఆవిరి పీడనం ఎంతైనా సరే, నష్టం ఒక్క వాతావరణ పీడనం మాత్రమేనని గిడ్డీ లెక్క కట్టి చెప్పాడు. పీడనం నాలుగైదు రెట్లు పెంచగలిగితే ఆ నష్టం లెక్కలోకి రాదు. ఈ గిడ్డీయే తరువాతి కాలంలో డేవిస్ గిల్బర్ట్ అనే పేరుతో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు.

లెక్క ఇలా చూడవచ్చు. సుమారు 21 సెంటీమీటర్ల (ఎనిమిదింపావు అంగుళాల) వ్యాసం ఉన్న సిలిండరులో చదరపు అంగుళానికి 50 పౌన్ల పీడనం పనిచేస్తే పిస్టనుపై పడే బలం దాదాపు 1,200 కిలోల బరువుకు సమానం. అదే బలాన్ని చదరపు అంగుళానికి పది పౌన్ల పీడన భేదంతో రాబట్టాలంటే పిస్టను వైశాల్యం ఐదు రెట్లు కావాలి. అంతేకాక కండెన్సరు, దాని నీరు అదనం. బరువుకు తగిన సామర్థ్యం అనే ఆలోచన ఇక్కడ మొదలయింది. చిన్న యంత్రం, ఎక్కువ అశ్వసామర్థ్యం. అప్పుడే యంత్రం తనను తాను మోసుకుంటూ కదలగలదు.

ఇది ఇతని ఒక్కడికే తట్టిన ఆలోచన కాదు. వాట్ సంస్థలో పనిచేసిన విలియమ్ మర్డాక్ 1784 ప్రాంతంలోనే కార్న్‌వాల్‌లో ఆవిరిబండి నమూనా తయారుచేశాడు. వాట్‌కు మాత్రం అధిక పీడనమంటే గిట్టదు. బాయిలర్లు పేలి ప్రజలు చనిపోతారని అతని భయం. ఆ భయం అకారణమైనది కాదని తరువాత తేలింది.

పఫింగ్ డెవిల్

1801 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, కేంబోర్న్‌లో ట్రెవిథిక్ తన ఆవిరిబండిని బయటకు తీశాడు. దాని పేరు పఫింగ్ డెవిల్, అంటే బుసలు కొట్టే దెయ్యం. పట్టాలు లేవు, మామూలు బాట. కొందరు ఎక్కి కూర్చోగా బండి కేంబోర్న్ కొండబాట మీద ఎగువకు నడిచింది. ఎడ్లూ గుర్రాలూ లేకుండా మనుషులను మోస్తూ ఎత్తు ఎక్కిన బండిని ఆ ఊరివారు అదివరకెన్నడూ చూడలేదు.

ఆ ఆనందం కొద్దిరోజులే. క్రిస్మస్ వెళ్ళిన మూడవ నాడు బండి ఒక కాలువ గుంతలో పడి చెడిపోయింది. దానిని ఒక పాక కిందికి నెట్టి, నిప్పు ఆర్పకుండానే అందరూ దగ్గరలోని పూటకూళ్ళ ఇంటికి భోజనానికి పోయారు. నీరంతా మరిగి ఇగిరిపోయి, బాయిలరు ఎర్రగా కాలి, మంట అంటుకుని బండి కాలిపోయింది. ట్రెవిథిక్ మాత్రం దీనిని పెద్ద దెబ్బగా భావించలేదు. బండి నడవగలదని తేలింది కనుక మిగిలినది మరమ్మతు వ్యవహారమేనని అతని ధోరణి. ఇటువంటి అజాగ్రత్త ఇతని జీవితంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

1802 మార్చిలో బంధువైన ఆండ్రూ వివియన్‌తో కలిసి అధిక పీడన యంత్రానికీ, దానితో నడిచే బండికీ పేటెంటు పొందాడు. 1803లో లండన్ వీధులలో మరొక ఆవిరిబండిని నడిపాడు. దాని వెనుక చక్రాల వ్యాసం ఎనిమిది అడుగులు. గతుకులలో ప్రయాణం దుర్భరంగా ఉండటమూ, గుర్రపు బండి కంటే ఖర్చు ఎక్కువ కావడమూ వలన కొనేవారు ముందుకు రాలేదు.

చక్రం జారుతుందా?

ఇక్కడ ఒక సందేహం వచ్చింది. బండిని గుర్రం లాగుతున్నప్పుడు గుర్రం కాలిగిట్టలు నేలను తన్నుతాయి. చక్రం ఊరకే దొర్లుతుంది. యంత్రం చక్రాన్నే తిప్పినప్పుడు ఆ చక్రమే నేలను వెనక్కు తన్నాలి. అందుకు చక్రానికీ నేలకూ మధ్య పట్టు ఉండాలి. నున్నని ఇనుపచక్రం నున్నని ఇనుపపట్టామీద అలా తన్నగలదా, లేక ఉన్నచోటనే తిరుగుతుందా? ఆనాటి విద్యావంతులలో చాలామంది జారిపోతుందనే నమ్మారు.

చర్ల పరిసరాలవారికి ఈ సమస్య పుస్తకం చదివి తెలుసుకోవలసినది కాదు. తాలిపేరు ఇసుకలో దిగబడిన ట్రాక్టరును చూసినవారికి తెలుసు: డ్రైవరు ఆక్సిలరేటరు ఎంత తొక్కితే చక్రం అంత లోతుకు తవ్వుకుంటుంది తప్ప బండి కదలదు. ఇంజనుకు బలం చాలక కాదు. ఆ బలాన్ని నేలకు అందించే పట్టు లేక. చక్రాల కింద కొమ్మలో రాళ్ళో వేస్తే అదే ఇంజను అదే బండిని గట్టెక్కిస్తుంది. వెనుక టైర్లలో నీళ్ళు నింపడం, వరిమడిలో దమ్ము చేసేటప్పుడు ఇనుప కేజ్‌వీల్స్ తగిలించడం కూడా పట్టు కోసమే.

ట్రెవిథిక్, గిడ్డీలు దీనిని వాదించి తేల్చలేదు. ఒంటిగుర్రపు బండి నుండి గుర్రాన్ని విప్పి, చక్రాలను చేతులతో తిప్పుతూ బండిని ఎగువకు నడిపి చూశారనీ, చక్రాలు జారలేదనీ ఇతని జీవితచరిత్ర చెబుతోంది. అయినా పేటెంటు పత్రంలో అవసరమైన చోట చక్రం అంచుకు మేకుతలల వంటి గరుకులు అమర్చవచ్చని ముందుజాగ్రత్తగా రాసుకున్నాడు.

దీని వెనుకనున్న సూత్రాన్ని నేటి పాఠ్యపుస్తకాల భాషలో ఇలా చెప్పవచ్చు. బండి త్వరణం దానిని ముందుకు తోసే బలాన్ని దాని ద్రవ్యరాశితో భాగించగా వచ్చేది. ఆ బలానికి రెండు హద్దులున్నాయి. మొదటిది యంత్రం హద్దు: సామర్థ్యాన్ని వేగంతో భాగిస్తే వచ్చేంత బలం. రెండవది చక్రం హద్దు: నడిపే చక్రాలపై ఉన్న భారాన్ని ఘర్షణ గుణకంతో గుణిస్తే వచ్చేంత బలం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే బండికి అంతే దక్కుతుంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు యంత్రం ఇవ్వగల బలం ఎక్కువ కనుక సాధారణంగా చక్రం హద్దే అడ్డు తగులుతుంది. వేగం పెరిగిన తరువాత యంత్రం హద్దు ముందుకు వస్తుంది.

పొడిగా ఉన్న ఇనుప పట్టామీద ఇనుపచక్రానికి దొరికే పట్టు దానిపై ఉన్న భారంలో దాదాపు ఐదవ వంతు అనుకుంటే, ఐదు టన్నుల ఇంజను ఒక టన్ను బరువంత బలంతో లాగగలదు. ఇది చిన్నదిగా కనిపించవచ్చు. కాని పట్టాలమీద దొర్లే బండి చాలా తేలిక. చదునైన మంచి పట్టాలపై టన్ను బరువును కదుపుతూ ఉంచడానికి కొద్ది కిలోల లాగుడు చాలు. అందువలన ఆ తక్కువ పట్టుతోనే ఇంజను తన బరువుకు ఎన్నో రెట్లు లాగగలుగుతుంది. ఎగువబాట వస్తే కథ మారుతుంది. యాభై అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కే చోట ప్రతి టన్నుకూ 20 కిలోల లాగుడు అదనంగా కావాలి. పట్టా తడిసినా, నూనె అంటినా పట్టు సగానికి పడిపోతుంది. మణుగూరు నుండి బొగ్గు లాగుకొచ్చే రైలింజన్లకు సైతం చక్రాల ముందు ఇసుక చల్లే గొట్టాలు ఉండేది ఇందుకే.

గ్రీన్విచ్ ప్రమాదం

1803 సెప్టెంబరులో లండన్ సమీపాన గ్రీన్విచ్ వద్ద నీరు తోడుతున్న ట్రెవిథిక్ యంత్రపు బాయిలరు పేలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. యంత్రాన్ని చూసుకోవలసిన కుర్రవాడు చేపలు పట్టడానికి పోగా, పని తెలియని మరొకరు రక్షణ కవాటాన్ని విడవకుండా యంత్రాన్ని ఆపివేయడమే కారణం. అధిక పీడనం ప్రాణాంతకమన్న ప్రచారానికి వాట్, బౌల్టన్ లకు ఇది అందివచ్చింది.

ఈసారి ట్రెవిథిక్ దెబ్బను తేలికగా తీసుకోలేదు. ప్రతి బాయిలరుకూ రెండు రక్షణ కవాటాలు పెట్టి, అందులో ఒకటి నడిపేవాడి చేతికి అందకుండా చేశాడు. నీటిమట్టం ప్రమాదకరంగా తగ్గితే కరిగిపోయి ఆవిరిని వదిలే సీసపు బిరడాను అమర్చాడు. ఈ సీసపు బిరడా ఉపాయం తరువాత ఆవిరి రైలింజన్లన్నిటిలోనూ నిలిచిపోయింది. ఇతని ఆవిష్కరణలలో అతి తక్కువగా చెప్పుకొనేది, బహుశా ఎక్కువ ప్రాణాలు కాపాడినది ఇదే.

పెనీడారన్ పందెం

వేల్స్ దేశంలోని మెర్థిర్ టిడ్‌ఫిల్ దగ్గర పెనీడారన్ ఇనుప కర్మాగారం యజమాని శామ్యూల్ హోమ్‌ఫ్రే. కర్మాగారం నుండి అబెర్‌కైనన్ వద్ద కాలువ రేవు వరకు గుర్రాలు లాగే పట్టాల బాట ఉండేది. పది టన్నుల ఇనుమును ఆ దారిలో ఆవిరి ఇంజను లాగగలదని హోమ్‌ఫ్రే, లాగలేదని పొరుగు కర్మాగారం యజమాని రిచర్డ్ క్రాషే 500 గినీల పందెం వేసుకున్నారు.

1804 ఫిబ్రవరి 21న ట్రెవిథిక్ ఇంజను ఐదు బండ్లలో పది టన్నుల ఇనుమునూ, వాటిపై ఎక్కిన 70 మంది మనుషులనూ లాగుతూ 9.75 మైళ్ళు (సుమారు 15.7 కిలోమీటర్లు) నడిచింది. పట్టిన సమయం 4 గంటల 5 నిమిషాలు. సగటు వేగం గంటకు నాలుగు కిలోమీటర్ల లోపే. మనిషి నడక కంటే తక్కువ. మధ్యలో చెట్లు నరకడానికీ, బండరాళ్ళు తొలగించడానికీ ఆగవలసి రావడం అందుకు ఒక కారణం. చక్రాలు నున్ననివి, పట్టాలు నున్ననివి. ఇంజను జారలేదు.

ఇంజనులో ఒకే సిలిండరు, పక్కన బరువైన పెద్ద చక్రం, పళ్ళచక్రాలు ఉండేవి. పని చేసిన ఆవిరిని ట్రెవిథిక్ పొగగొట్టంలోకి వదిలాడు. పైకి చిమ్మే ఆవిరి తనతో పొగను లాక్కుపోవడం వలన పొయ్యిలోకి గాలి ఎక్కువగా వచ్చి నిప్పు చెలరేగుతుంది. ఇంజను ఎంత కష్టపడితే నిప్పు అంత మండుతుంది. ఆవిరి రైలింజన్లు ఉన్నంతకాలం ఈ ఏర్పాటు కొనసాగింది.

సామర్థ్యం చాలింది, పట్టు కూడా చాలింది. ఓడిపోయినది బాట. గుర్రపు బండ్లకోసం వేసిన పోత ఇనుప పట్టాలు పెళుసువి. ఐదు టన్నుల ఇంజను కింద అవి మాటిమాటికీ విరిగాయి. పట్టు కావాలంటే ఇంజనుకు బరువుండాలి. బరువుంటే పట్టాలు నిలవవు. ఇంజనును తేలిక చేస్తే పట్టాలు నిలుస్తాయి కాని చక్రాలు జారుతాయి. ఈ చిక్కుముడిలో ట్రెవిథిక్ చిక్కుకున్నాడు. కొన్ని ప్రయాణాల తరువాత ఇంజనును చక్రాలమీద నుండి దించి కర్మాగారంలో స్థిరయంత్రంగా వాడుకున్నారు. న్యూకాజిల్ ప్రాంతంలోని వైలమ్ బొగ్గుగని కోసం 1805లో తయారైన మరో ఇంజను కూడా అక్కడి కర్రపట్టాలకు బరువెక్కువని వాడుకకు నోచుకోలేదు.

క్యాచ్ మీ హూ కెన్

1807లో లండన్‌లో థేమ్స్ నది కింద సొరంగం తవ్వే పనికి కుదిరాడు. వెయ్యి అడుగులకు పైగా తవ్విన తరువాత 1808 జనవరిలో నది నీరు విరుచుకుపడి, ఆ పని ఆగిపోయింది.

అదే ఏడాది వేసవిలో లండన్‌లో, నేటి యూస్టన్ స్టేషనుకు దగ్గరలో, గుండ్రంగా పట్టాలు వేసి చుట్టూ కంచె కట్టి, షిల్లింగు రుసుముతో తన కొత్త ఇంజనును ప్రదర్శించాడు. దాని పేరు క్యాచ్ మీ హూ కెన్, అంటే దమ్ముంటే పట్టుకోండి అని. ఇది గంటకు పన్నెండు మైళ్ళ వేగంతో ప్రయాణికులను తిప్పింది. ఇంజను బరువు ఎనిమిది టన్నులు. అడుగున నేల మెత్తన, దుంగలు కుంగాయి. కొన్ని వారాలలోనే పట్టా విరిగి ఇంజను బోల్తాపడింది. ఆదాయం కూడా అంతంతమాత్రమే. ఆ తరువాత ట్రెవిథిక్ రైలింజన్ల జోలికి పోలేదు. ముప్పై ఏడేళ్ళ వయసులో, సరైన దారిలో ఉండి కూడా, అతడు ఆ పనిని వదిలివేయడం చరిత్రలో విచారకరమైన సంగతి.

1811 ఫిబ్రవరిలో దివాలా తీశాడు. అంతకుముందు ఏడాదే విషజ్వరంతో చావు తప్పించుకుని కార్న్‌వాల్ చేరాడు. అక్కడ 1812లో కార్నిష్ ఇంజను, కార్నిష్ బాయిలరుగా ప్రసిద్ధికెక్కిన నమూనాలకు రూపమిచ్చాడు. అదే ఏడాది ఒక జమీందారు పొలానికి ధాన్యం నూర్చే ఆవిరియంత్రం కట్టి ఇచ్చాడు. అది 1879 వరకు పనిచేసి ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఇతరులు మళ్ళీ నడిచిన దారి

ట్రెవిథిక్ నిరూపించిన విషయాన్ని లోకం నమ్మడానికి సమయం పట్టింది. జాన్ బ్లెంకిన్‌సాప్ 1811లో పళ్ళపట్టాకు పేటెంటు తీసుకున్నాడు. పట్టా పక్కన పళ్ళు, ఇంజనుకు పళ్ళచక్రం. 1812లో లీడ్స్ దగ్గర ఇది నడిచి లాభసాటిగా ఉంది. దీనిని తెలివితక్కువ పని అనలేము: పళ్ళు పట్టుకుంటే పట్టుకోసం బరువు అక్కరలేదు, తేలికైన ఇంజనుతో పట్టాలు విరగవు. 1813లో విలియమ్ బ్రంటన్ మరొక అడుగు ముందుకేసి, వెనుక రెండు ఇనుపకాళ్ళతో నేలను తన్నే ఇంజనును తయారుచేశాడు. గుర్రాన్నే నమూనాగా తీసుకున్నాడన్నమాట.

అదే 1813 ప్రాంతంలో వైలమ్ గనిలో విలియమ్ హెడ్లీ ఒక పరీక్షబండిపై మనుషులను నిలబెట్టి చక్రాలను చేతిపిడులతో తిప్పించి, బండి బరువు మారుస్తూ, ఎన్ని బండ్లు లాగితే చక్రం జారుతుందో కొలిచి చూశాడు. నున్నని చక్రాలు చాలునని మళ్ళీ తేలింది. పదేళ్ళనాటి ఫలితాన్నే తిరిగి కనుగొనవలసి రావడానికి ట్రెవిథిక్ తన ప్రయోగాలను ఓపికగా కొనసాగించకపోవడం కూడా కొంత కారణమే. బాట సమస్యకు జవాబు 1820లో జాన్ బర్కిన్‌షా రూపొందించిన సాగగొట్టిన ఇనుప పట్టాలతో వచ్చింది. అవి పెళుసుగా విరిగేవి కావు. ఆ తరువాతనే 1825లో స్టాక్టన్ - డార్లింగ్టన్, 1830లో లివర్‌పూల్ - మాంచెస్టర్ రైలుమార్గాలు సాధ్యమయ్యాయి.

దక్షిణ అమెరికా

పెరూ దేశంలోని సెర్రో డి పాస్కో వెండిగనులు సముద్రమట్టానికి నాలుగువేల మీటర్లకు పైన ఉన్నాయి. అంత ఎత్తున వాతావరణ పీడనం తక్కువ కనుక, ఆ పీడనం మీదనే ఆధారపడిన వాట్ యంత్రాలు అక్కడ పనికిరావు. ట్రెవిథిక్ యంత్రం నమూనాను లండన్‌లోని ఒక దుకాణంలో చూసిన ఫ్రాన్సిస్కో ఉవియే దానిని కొనుక్కుపోయి పరీక్షించి, తృప్తిపడి తిరిగివచ్చి యంత్రాలకు పురమాయించాడు. విడిభాగాలుగా పంపిన యంత్రాలను కంచరగాడిదలపై కొండలెక్కించవలసి వచ్చింది.

1816 అక్టోబరులో ట్రెవిథిక్ స్వయంగా బయలుదేరి మరుసటి ఏడాది లిమా చేరాడు. మొదట గొప్ప స్వాగతమే లభించింది. తరువాత స్వాతంత్ర్య యుద్ధం వచ్చిపడి గనుల పని చెదిరిపోయింది. కొంతకాలం బొలివార్ పక్షాన పనిచేశాడు. అక్కడినుండి కోస్టారికా చేరి, గనులకు దారి వెతుకుతూ అడవులు దాటేటప్పుడు ఒకటి రెండుసార్లు నీటిలో మునిగి చావు అంచువరకు వెళ్ళాడు. 1827లో కొలంబియా రేవు కార్తహేనాలో చేతిలో కాసు లేకుండా ఉన్న ఇతనికి, అక్కడే గనులపనిమీద ఉన్న రాబర్ట్ స్టీఫెన్‌సన్ తారసపడ్డాడు. జార్జ్ స్టీఫెన్‌సన్ కుమారుడే అతడు. స్వదేశం చేరడానికి ట్రెవిథిక్‌కు 50 పౌన్లు ఇచ్చాడు. రెండేళ్ళ తరువాత ఆ రాబర్ట్ నిర్మించిన రాకెట్ ఇంజను రెయిన్‌హిల్ పోటీలో గెలిచి కీర్తి పొందింది. అందులోనూ ఆవిరి పొగగొట్టంలోకే పోయేది.

పదకొండేళ్ళపాటు భార్య జేన్ కార్న్‌వాల్‌లో పిల్లలను పెంచింది. ఈ కాలంలో భర్త నుండి ఆమెకు అందిన సహాయం దాదాపు లేదనే చెప్పాలి. ఆమె సహనాన్ని గురించి జీవితచరిత్రలు రెండు వాక్యాలలో సరిపెట్టడం అన్యాయం.

చివరి రోజులు

తన యంత్రాల వలన గనులకు కలిగిన లాభాన్ని వివరిస్తూ 1828లో పార్లమెంటుకు విన్నపం చేసుకున్నాడు. ఫలితం దక్కలేదు. 1832లో ఎన్నికల సంస్కరణ చట్టానికి స్మారకంగా వెయ్యి అడుగుల ఎత్తున పోత ఇనుప స్తంభం నిలపాలని ప్రతిపాదించాడు. అదీ కాగితం మీదనే మిగిలింది. చివరకు డార్ట్‌ఫర్డ్ పట్టణంలో జాన్ హాల్ కర్మాగారంలో పనికి చేరి, బుల్ అనే సత్రంలో బస చేస్తూ, న్యుమోనియాతో 1833 ఏప్రిల్ 22న మరణించాడు. అంత్యక్రియలకు సొమ్ము లేదు. కర్మాగారంలోని తోటిపనివారు ఖర్చు భరించి, తామే శవపేటికను మోసుకుపోయి ఖననం చేశారు. సమాధిపై గుర్తు ఏదీ పెట్టలేదు.

మోటారు వాహనాలలో అదే సూత్రం

ట్రెవిథిక్ ఎదుర్కొన్న లెక్క రబ్బరు టైర్ల కాలంలోనూ మారలేదు. 1960లలో అమెరికాలో మజిల్ కార్లు అనే తరహా వాహనాలు వచ్చాయి. మధ్యస్థమైన కారులో పెద్ద కారు ఇంజనును అమర్చడం వీటి రహస్యం. 1964లో పాంటియాక్ జి.టి.ఓ. 6.4 లీటర్ల ఇంజనుతో 325 అశ్వసామర్థ్యం ఉన్నట్లు ప్రకటించింది. ఆనాటి సన్నని టైర్లకు ఆ బలం మింగుడుపడేది కాదు. బయలుదేరేటప్పుడు వెనుక చక్రాలు పొగలు కక్కుతూ తిరిగేవి.

ఒక ఉదాహరణ చూద్దాం. 1,500 కిలోల కారు బయలుదేరేటప్పుడు వెనుక చక్రాలపై 800 కిలోల భారం ఉన్నదనీ, ఘర్షణ గుణకం 0.75 అనీ అనుకుందాం. దొరికే గరిష్ఠ బలం 5,880 న్యూటన్లు, త్వరణం సెకనుకు సెకనుకు 3.9 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం చేరడానికి ఏడు సెకన్లకు పైగా పడుతుంది. ఆ వేగం వద్ద ఈ బలానికి కావలసినది చక్రాల వద్ద సుమారు 220 అశ్వసామర్థ్యం మాత్రమే. అక్కడ 400 అశ్వసామర్థ్యం పెట్టినా ఈ ఏడు సెకన్లు తగ్గవు. మిగిలినది టైర్లను కాల్చడానికే పోతుంది. ఇంజనును ముట్టుకోకుండా, గుణకం 1.0 ఇచ్చే మంచి టైర్లు వేస్తే బలం 7,840 న్యూటన్లకు పెరుగుతుంది. ఇప్పుడు మాత్రం 220 చాలదు, దాదాపు 290 అశ్వసామర్థ్యం కావాలి. అది ఉంటే సమయం అయిదున్నర సెకన్లలోపుకు దిగుతుంది. అంటే పట్టు పెరిగిన తరువాతనే అదనపు సామర్థ్యానికి పని దొరుకుతుంది. (గాలి నిరోధాన్నీ, గేర్లు మార్చే సమయాన్నీ ఇక్కడ లెక్కించలేదు.)

కారు ముందుకు దూకినప్పుడు భారం కొంత వెనుకకు మళ్ళుతుంది. వెనుక చక్రాలతో నడిచే బండికి ఇది మేలే చేస్తుంది. సూటిబాట పందెపు కార్ల ముందు చక్రాలు గాలిలోకి లేవడం ఇందువలననే. నాలుగు చక్రాలనూ నడిపితే బండి బరువంతా పట్టుగా మారుతుంది.

స్మారకాలు

కేంబోర్న్ గ్రంథాలయం ఎదుట ఇతని విగ్రహాన్ని 1932లో ఆవిష్కరించారు. చేతిలో ఆవిరిబండి నమూనా ఉంటుంది. అదే ఊరిలో 1984 నుండి ఏటా ఏప్రిల్ చివర ట్రెవిథిక్ దినోత్సవం జరపడం ఆనవాయితీ అయింది. పెనీడారన్ ప్రయాణానికి 200 ఏళ్ళు నిండిన సందర్భంగా 2004లో బ్రిటన్ రెండు పౌన్ల స్మారక నాణెం విడుదల చేసింది. ఆ ఇంజనుకు తయారుచేసిన పూర్తి పరిమాణపు నమూనా స్వాన్సీలోని నేషనల్ వాటర్‌ఫ్రంట్ మ్యూజియంలో ఉంది. కుమారుడు ఫ్రాన్సిస్ ట్రెవిథిక్ కూడా రైలింజన్ల ఇంజనీరై, తండ్రి జీవితచరిత్రను 1872లో రెండు సంపుటాలుగా ప్రకటించాడు. నేడు ట్రెవిథిక్ గురించి తెలిసిన విషయాలలో అధికభాగం దానినుండి వచ్చినదే.